మూడో అరుపు

పోయిన వారం మీరు నన్ను మిర్యాలగూడలో ఒక ఇంటి గుమ్మం ముందు వదిలేసి వెళ్లారు. ఒక చెప్పు విడిచాను, రెండోది ఇంకా విడవలేదు. మీకేం, పేజీ తిప్పేసి వారఫలాలు చూసుకుని ఉంటారు. నేను మాత్రం ఈ ఏడు రోజులూ ఆ ఒంటి చెప్పుతోనే నిలబడ్డట్టుంది.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. నా పేరు సంపత్. సూర్యాపేటలో స్పీకర్ల దుకాణం నాది. దాంతోపాటు 'జడుపు' అని ఒక యూట్యూబ్ ఛానెల్ నడుపుతాను. దయ్యం సినిమాలు మనల్ని ఎందుకు భయపెడతాయో, కొన్ని ఎందుకు భయపెట్టలేక చతికిలబడతాయో అందులో చెబుతుంటాను. ఏడాదిగా ఆ ఛానెల్‌కు స్క్రిప్టులు రాస్తున్నది గీత, మిర్యాలగూడ అమ్మాయి, ఎమ్మెస్సీ చదువుతోంది. నన్ను నోరారా అన్నా అని పిలుస్తుంది. మా వందో వీడియో లైవ్‌లో చేద్దామని ఆమే అంది. దానికి ఆమె పెట్టిన పేరు 'మా నాన్నను చంపిన సినిమా'. స్క్రిప్టు తెరిచి తారీకు, ఊరు, ఆట చదివేసరికి నాకు ముచ్చెమటలు పోశాయి. నాలుగేళ్ల కిందట, కోదాడ, గాజుల సినిమా, నాలుగో రోజు మ్యాట్నీ. ఆ మధ్యాహ్నం ఆ థియేటర్‌లో ప్రొజెక్టర్ దగ్గర కూర్చున్న ఆపరేటర్‌ని నేనే. గీతకు ఆ సంగతి తెలియదు. ఐదింటికి లైవ్ మొదలయ్యేలోపు తల్లికీ కూతురికీ నిజం చెప్పి, వాళ్లు పెట్టే చీవాట్లు తిని, ఆ వీడియో ఆపించి రావాలని బస్సెక్కాను.

అదండీ సంగతి. ఇక రెండో చెప్పు విడుస్తున్నాను.

"గుమ్మంల నిలబడ్డవేంది బిడ్డా? లోపలికి రా. చెప్పులు ఎత్కపోయేటోళ్లు లేరు మా గల్లిల" అంది ముత్తమ్మ.

ముత్తమ్మ గీత తల్లి. రైసుమిల్లులో ఉడికిన వడ్లు ఎండబోసే పని ముప్ఫయ్యేళ్లు చేసింది. డ్రయ్యర్లు వచ్చాక అదే మిల్లులో ఊడ్చే పనికి మారింది. సన్నటి మనిషి, పెద్ద గొంతు. నేనొస్తున్నానని కోడికూర వండింది, పచ్చిపులుసు చేసింది. కిటికీలు మూసినా ఊక బూడిద లోపలికి వస్తుందని గిన్నెల మీద గుడ్డలు కప్పి పెట్టింది. పీట వేసి, ఫ్యాను నా వైపు తిప్పి, కంచం నిండా వడ్డించింది. నేను ఏం చెప్పడానికి వచ్చానో తెలిస్తే ఈ కంచం నా మొహాన కొట్టాల్సిన మనిషి, ముక్కలు ఏరి ఏరి నాకే వేస్తోంది. 

ఎదురుగా గోడ మీద మట్టయ్య ఫోటో. మిల్లులో హమాలీ మేస్త్రీ. వంద కిలోల బస్తా ఒక్కడే లేపి లారీకెక్కించేవాడని గీత చాలాసార్లు చెప్పింది. భుజాలు చూస్తే నమ్మబుద్ధవుతుంది. నేను ఫోటో వైపు చూడకుండా తినాలని చూస్తున్నాను. ఫోటో నా వైపే చూస్తోంది.

"అన్నా, అమ్మను అడుగు" అంది గీత, మజ్జిగ గ్లాసు నా పక్కన పెడుతూ. "దయ్యం సినిమాల మీద మన ఛానెల్ కంటే మా అమ్మకే ఎక్కువ ఎరుక. చిన్నప్పుడు నాకు జోలపాటకు బదులు దయ్యం కథలే చెప్పింది."

"చుప్, నువ్వొకదానివి" అంది ముత్తమ్మ. కానీ కళ్లు మెరిశాయి. "నిజమే బిడ్డా. దయ్యం సినిమా వచ్చిందంటే నేను అన్నం గూడ తినకపోయేదాన్ని. గీమె నాన్నకేమో కొట్లాటల సినిమాలు ఇష్టం. నేను గుంజుకపోతే వచ్చేటోడు."

"ఏ సినిమాకు బాగా జడుసుకున్నవమ్మా?" అని అడిగాను. నా నోరు ఉందే, దానికి సమయం సందర్భం లేదు. ఛానెల్ అలవాటు.

"లిఫ్టు సినిమా. లిఫ్టు ఎన్నడు సూసినా మూడో అంతస్తుల ఆగుతది సూడు, గదే. దయ్యం మొకం ఆఖరి దాంక సూపియ్యడు. మొకం సూపిచ్చినంక ఇగ భయమేముంటది? మనసొంటి మొకమే. ఎదురుసూసుడే భయం. తలుపు తెరుసుకునే దాంక నా పానం నా కాడ లేదు."

నేను తొంభైతొమ్మిది వీడియోల్లో గంటలు గంటలు వాగి చెప్పింది ఈమె నాలుగు మాటల్లో తేల్చేసింది. ఇంకో రోజైతే లేచి దండం పెట్టేవాణ్ణి.

"నేనొప్పుకోను" అంది గీత. "తెలిసిన గొంతు తెలవని జాగల వినవడితే గదే భయం. అమ్మ వంటింట్ల ఉంటది, అమ్మ గొంతేమో డాబా మీంచి పిలుస్తది. గసొంటి సీనుకు నేను సచ్చిపోత." తన మాట తనకే తగిలినట్టు ఆగిపోయింది. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పన్నా. నీ లెక్కల ఏది భయం?"

నా లెక్క నాకుంది. పక్కవాడు భయపడితేనే మనకు భయం. ఒక్కళ్లు అరిస్తే హాలంతా అరుస్తుంది. అది నేను ఎక్కడ నేర్చుకున్నానో చెప్పాల్సి వస్తుందని ఇన్నాళ్లూ ఛానెల్‌లో కూడా ఆ మాట ఎత్తలేదు. తేలు కుట్టిన దొంగలా మజ్జిగ తాగాను.

ముత్తమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "నాలుగేండ్లాయె బిడ్డా, నేను సినిమా మొకం సూసి. టీవీల వచ్చినా బంద్ చేస్త. నేను గుంజుకపోకుంటే ఆయిన ఉండేటోడు. కోదాడల మా చెల్లె బిడ్డ పురుడుకు పోతిమి. మధ్యాన్నం ఊకె కూసునుడెందుకు, సినిమాకు పోదాం పా అని నేనే లేపిన. వద్దే, నిద్రొస్తుంది అన్నడు. ఇన్లే నేను." ఆమె ఫోటో వైపు చూసింది. "గాజులు మోగంగనే నా చెయ్యి పట్టిండు. అంతే. పోయిండు. జడుసుకొని పోయిండు."

"జడుసుకొని కాదమ్మా!" గీత గొంతు ఒక్కసారిగా లేచింది. "అన్నా, నీకు చెప్పలే కదా. మిల్లుల ఇప్పటికీ ఎవడన్నా ఉలిక్కిపడితే ఏమంటరో ఎరుకనా? 'ఏందిరా, మట్టయ్యవైనవ్' అంటరు. మా నాన్న పేరు పిరికోనికి పేరైంది. బస్తా మోసేటప్పుడు ఆయిన ముంగట నిలబడనీకి దమ్ములేనోళ్లు గూడ అంటరు. అమ్మ అదే మిల్లుల ఊడుస్తది. ఇంటది. ఇనుకుంట ఊడుస్తది."

ముత్తమ్మ తన కంచంలో ఎముకలు ఒక పక్కకు జరుపుతూ కూర్చుంది.

"అందుకే ఈ వీడియో" అంది గీత. "ఆ సినిమా ఎవరినైనా చంపగలదని నేను చూపిస్త. ఎంత మొనగాడైనా గుండె ఆగుతదని చూపిస్త. అప్పుడు ఎవడు నవ్వుతడో చూస్త. పందొమ్మిది సార్లు చూసిన ఆ సినిమాను. నిమిషం నిమిషం రాసుకున్న. కానీ అన్నా, సచ్చేంత భయం నాకు దొరకలే. నువ్వు సౌండ్ మనిషివి. నాకు వినవడనిది నీకు వినవడతది. ఐదింటికి లైవ్‌ల నువ్వే చెప్పాలె, ఆ భయం ఎక్కడుందో."

గడియారం నాలుగుంపావు చూపిస్తోంది. ఇంకో మాట గనుక తిన్నగా అడిగితే నేను అబద్ధం చెప్పేస్తానని నాకు తెలుసు. చెప్పడం కూడా బాగా చెబుతాను. ఫలానా చోట బేస్ సౌండ్ గుండెకు తగులుతుంది, ఫలానా చోట నిశ్శబ్దం ఊపిరి బిగబట్టిస్తుంది, అని పది నిమిషాలు దంచేయగలను. ఇద్దరూ నమ్ముతారు. కన్నీళ్లు పెట్టుకుని నాకు ఇంకో ముక్క వడ్డిస్తారు. ఛీ, నా బతుకు.

"ఆ సినిమాల భయమేం లేదు గీతా" అన్నాను. "ఆ దినం ఆ థియేటర్‌ల ఆపరేటర్‌ని నేనే."

గీతకు అర్థం కాలేదు. నవ్వబోయింది కూడా. నా మొహం చూసి ఆగిపోయింది. నేను ఇక ఆగితే మళ్లీ చెప్పలేనని గబగబా మొదలుపెట్టాను. ఏం చెప్పానో మీకూ చెబుతాను.

కోదాడ జనం దయ్యానికి భయపడే రకం కాదు. తెర మీద దయ్యం జుట్టు విరబోసుకుని వస్తే "అక్కా, జడేసుకోవే" అని కింది నుంచి సలహా ఇచ్చేస్తారు. ఈలలు వేస్తారు. అలా నవ్వులపాలై రెండు దయ్యం సినిమాలు మా థియేటర్‌లో మూడో రోజుకే లేచిపోయాయి. మా మేనేజర్ ఫకీరాకు ఒళ్లు మండింది. "ఒక్కళ్లు జడుసుకుంటే చాలు సంపత్, హాలంతా జడుసుకుంటది. ఆ మొదలుపెట్టేవాళ్లే కావాలి మనకు" అన్నాడు. క్యాంటీన్‌లో పాప్‌కార్న్ అమ్మే నీలాను పిలిచాడు. నీలా గొంతు మామూలు గొంతు కాదు. కుళాయి దగ్గర బిందెల కొట్లాటల్లో సాన పట్టిన గొంతు. బాల్కనీలో మామూలు ప్రేక్షకురాలిలా కూర్చుని, సరిగ్గా మేం చెప్పిన చోట అరవాలి. గాజుల సినిమాకు రెండు చోట్లు గుర్తు పెట్టాం. మంచం కింద నుంచి చెయ్యి వచ్చినప్పుడు ఒకటి, గోడలో గాజులు మోగినప్పుడు రెండోది. నీలా అరవగానే నేను పైన సౌండ్ రెండు పాయింట్లు పెంచాలి. పక్క నుంచి అరుపు, ముందు నుంచి సౌండ్. మధ్యలో పడి జనం హడలిపోయారు. మొదటి మూడు రోజులు ఒక్కడు ఈల వేయలేదు. మా తెలివికి మేమే మురిసిపోయాం.

"నాలుగో రోజు మ్యాట్నీ, రెండున్నరకు మొదలుపెట్టిన" అన్నాను. "జనం పల్చగున్నరు. నీలా రెండు సార్లు అరిచింది, చెప్పిన చోటనే. నేను సౌండ్ పెంచిన, దించిన. తర్వాత చాయ్ సీన్ వచ్చింది."

గీత తలూపింది. ఆ సీను ఆమెకు కంఠతా వచ్చు. పట్టపగలు, రోడ్డు పక్క హోటల్, హీరో గాజు గ్లాసులో చాయ్ తాగుతుంటాడు. దయ్యం లేదు, చీకటి లేదు, ఏమీ లేదు.

"అప్పుడు మూడో అరుపు వినవడ్డది."

ముత్తమ్మ చెయ్యి కంచంలో ఆగిపోయింది.

చాయ్ తాగేవాణ్ణి చూసి ఎవరైనా అరుస్తారా? ఈ ఒక్క ప్రశ్న నా బుర్రకు రావాలి. ఏడేళ్లు ఆ పెట్టెలాంటి గదిలో కూర్చుని వేల ఆటలు వేసినవాణ్ణి, ఆ మాత్రం తట్టొద్దా? తట్టలేదు. నీలా లెక్క తప్పిందనుకున్నాను. తప్పితే తప్పింది గానీ ఇవాళ అదరగొట్టిందనుకున్నాను. సెబాష్ నీలా అని పైకే అన్నాను కూడా. నాబ్ తిప్పాను. రెండు పాయింట్లు. అరుపు ఆగలేదు. ఇంకో రెండు తిప్పాను. చాయ్ హోటల్లో గ్లాసుల చప్పుడు పిడుగుల్లా హాలంతా మోగింది. కింద జనం నవ్వారు. చాయ్‌కి జడుసుకునే మనిషి ఎవరా అని నవ్వారు. కాసేపటికి అరుపు ఆగింది. నేను సౌండ్ దించి, కాళ్లు చాపుకుని, ఇంటర్వెల్ దాకా ఫోన్ చూసుకున్నాను.

"లైట్లు వేసినంకనే ఎరుకైంది" అన్నాను. "నీలా పైకి ఉరికొచ్చి, మూడోది నేను కాదన్నా, వెనక సీట్ల ఒకామె, అన్నది. నువ్వు పిలిచినవమ్మా. మనిషి పోతుండు రమ్మని పిలిచినవ్. నేను సౌండ్ పెంచిన. నీ గొంతు ఎవ్వనికీ వినవడకుండ చేసింది నేను. దవాఖానల డాక్టరు జర ముందు తెస్తే బతికేటోడు అన్నడని నీలా చెప్పింది. ఆ ముందు నా చేతుల ఉండె."

బయట లారీ ఒకటి వెనక్కి వస్తూ కూతపెడుతోంది. నేను ఇంకో నిజం కూడా కక్కేయాలి. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు.

"ఇంకోటున్నది. మర్నాడు ఫకీరా నా చేతికి బ్రష్షిచ్చి బోర్డు రాయమన్నడు. 'ఈ సినిమా చూసి భయంతో మా థియేటర్‌లోనే ఒకరు ప్రాణం విడిచారు, గుండె ధైర్యం ఉంటేనే రండి' అని. రాసిన. వారం రోజులు హౌస్‌ఫుల్. జడుసుకొని సచ్చిండన్న మాట మీ మిల్లుల పుట్టలే గీతా. అది నా బోర్డు మీద పుట్టింది. పది రోజులకు కొలువు ఇడిచిపెట్టిన. కానీ చెరిపి మాత్రం రాలే."

"ఆ బోర్డు ఫోటో నా ఫోన్ల ఉన్నది" అంది గీత నెమ్మదిగా. "ఎవరో స్టేటస్ పెడితే దాచుకున్న. అక్షరాలు గుండ్రంగ, మంచిగున్నయి అనుకున్న."

చెంప మీద కొట్టినా బాగుండేది. నేను తల దించుకున్నాను. సిగ్గు అంటే ఏమిటో ముప్ఫై నాలుగేళ్లు వచ్చాక ఆ పీట మీద తెలిసింది.

"సెయ్యి కడుక్కో బిడ్డా" అంది ముత్తమ్మ. "ఎండిపోతుంది."

అంతే అంది. చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతి మీద పోసింది. నీళ్లు సగం నా చొక్కా మీద పడ్డాయి. ఆమె నా మొహం వైపు చూడటం లేదు. కోపంతో చూడటం లేదనుకున్నాను. అలా అనుకోవడం కూడా నా బుద్ధి తక్కువే, అది ఇంకో ఐదు నిమిషాలకు తెలిసింది.

గీత ఏడవలేదు, అరవలేదు. లోపలికి వెళ్లి నోటుబుక్కు తెచ్చుకుంది. పందొమ్మిది సార్ల లెక్కంతా అందులో ఉంది. పేజీలు తిప్పి, పెన్ను పట్టుకుని నా ఎదురుగా కూర్చుంది.

"చాయ్ సీన్ అన్నవు కదా. సీను మొదట్లనా, ఆఖర్లనా?"

"మొదట్ల. గ్లాసు నోటికాడ పెట్టుకుంటుండు."

"అంటే యాభయ్యో నిమిషం. ఇంటర్వెల్ అరవై ఒకటికి. పదకొండు నిమిషాలు నీ లెక్కల పోయినయ్." రాసుకుంది. పరీక్ష పేపరు దిద్దే టీచరమ్మలా ఉంది. "అంతకుముందు వేరే అరుపేదీ లేదా? నీలాది కానిది?"

"లేదు. నీలావి రెండు, ఇది మూడోది. ప్రతి అరుపుకు నా చెయ్యి నాబ్ మీదనే ఉండె. ఇంకోటుంటే ఎరుకైతుండె."

గీత పెన్ను ఆగింది. నోటుబుక్కు వెనక్కి తిప్పి ఒక పేజీ దగ్గర వేలు పెట్టింది. తర్వాత తల్లి వైపు తిరిగింది.

"అమ్మా. గాజులు మోగంగనే నాన్న చెయ్యి పట్టిండని నాలుగేండ్ల సంది చెప్తున్నవ్. గాజుల సీన్ నలభై ఒకటో నిమిషం. నువ్వు అరిసింది యాభైకి." వేలు పేజీ మీద నుంచి తీయలేదు. "మధ్యల తొమ్మిది నిమిషాలు ఏం చేసినవ్ అమ్మా?"

ముత్తమ్మ చెంబు కింద పెట్టింది. గోడకు ఆనుకుని, అలాగే జారి నేల మీద కూర్చుంది. నేను లేచి పట్టుకోబోతే వద్దని చెయ్యి ఊపింది.

"నవ్విన బిడ్డా" అంది.

"ఏంది?"

"నవ్విన. మీ నాన్న సంగతి నీకెరుకలేదా? దయ్యం సినిమాకు పోతే నన్ను ఆటపట్టియ్యనీకి గుండె పట్టుకొని ఒరుగుతుండె. అబ్బా ముత్తీ, సచ్చిపోతున్నానే, అనుకుంట నా మీద పడుతుండె. ప్రతిసారి గంతే. గాజులు మోగంగనే నా చెయ్యి పట్టి గుండె కాడ పెట్టుకుండు. షురువాయె నీ ఏశాలు అని చెయ్యి గుంజుకున్న. మల్ల పట్టిండు. మల్ల గుంజుకున్న. నా భుజం మీద తలపెట్టిండు. చెమటతోని నా జాకిట్టు తడిసింది. ఏసీ లేదు కదా, ఉడుకపోస్తుందేమో అనుకున్న. సినిమా సూసుకుంట కూసున్న. ఆయిన పోతాంటే నేను సినిమా సూసిన బిడ్డా. సూసుకుంట నవ్విన." ఆమె నా వైపు చూసింది. ఇందాకటి నుంచి చూడనిది ఇప్పుడు చూసింది. "నువ్వు పదకొండు నిమిషాలు అంటున్నవ్. నేను తొమ్మిది. నాది ముంగట."

నా తప్పు చెప్పేస్తే ఈ ఇంట్లో బరువు దిగుతుందని వచ్చాను. ఆమె నాలుగేళ్లుగా దాచుకున్నదాన్ని కూతురి ముందు బయటికి లాగాను. నేను నోరు మూసుకుని ఉంటే ఆ తొమ్మిది నిమిషాల సంగతి ఎవరికీ తెలిసేది కాదు. చేసిన పాపం చాలనట్టు ఇది ఇంకొకటి.

గీత మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఇద్దర్ల నేను ఎవరిని తిట్టాలె ఇప్పుడు? చెప్పుండ్రి" అంది. నోటుబుక్కు తీసుకుని, స్టాండుతో సహా ఫోను తీసుకుని లోపలి గదిలోకి వెళ్లింది. గొళ్లెం పడిన చప్పుడు వినిపించింది.

"గీతా, లైవ్ వద్దు. ఇయ్యాల వద్దు" అన్నాను తలుపు దగ్గరికి వెళ్లి. ఇంకా ఐదు కాలేదు. అయినా నా జేబులో ఫోను మోగింది. మా ఛానెల్ లైవ్‌లోకి వచ్చిందని.

"నమస్తే. ఇది జడుపు" అంది లోపల గీత. రోజూ నేను చెప్పే మాట. "మా నాన్న పేరు మట్టయ్య. మిర్యాలగూడల హమాలీ మేస్త్రీ. ఆయిన సినిమాకు జడుసుకొని పోయిండని మీరందరు ఇన్నరు. మా నాన్న దేనికీ జడుసుకోలే. ఆయిన పిలిస్తే పలకనోళ్లున్నరు. వాళ్ల పేర్లు చెప్త."

నేను రెండు చేతులతో తలుపు బాదాను. "గీతా! నా పేరొక్కటే చెప్పు! అమ్మ పేరెత్తకు! మిల్లుల పని చేసుకునే మనిషి, జనం బతకనియ్యరు!"

నా మణికట్టు ఎవరో పట్టుకున్నారు. ముత్తమ్మ. ఎప్పుడు లేచి వచ్చిందో తెలియదు. సన్నటి మనిషికి అంత పట్టు ఎక్కడిదో, నా చెయ్యి తలుపు మీద నుంచి లాగేసింది.

"చెప్పనియ్యి" అంది. "ఎవ్వనికీ చెప్పుకోలేక నాలుగేండ్ల సంది నేను నిద్రపోలే. చెప్పనియ్యి దాన్ని."

లోపల గీత గొంతు సవరించుకుంది. మేమిద్దరం తలుపుకు చెవులు ఆనించాం.

"మొదటి పేరు నాది" అంది గీత.

ముత్తమ్మ నా మణికట్టును ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఆ దినం గాజులు మోగిన ఐదు నిమిషాలకు, మూడూ పదహారుకు నాన్న ఫోన్ చేసిండు. ఎత్తిన. మాట రాలే. ఒక చప్పుడు వినవడ్డది, గాలి దొరకనోడు గుంజి గుంజి పీల్చినట్టు. ఎనక సినిమా సౌండు. నన్ను జడిపియ్యనీకి సినిమాల దయ్యం చప్పుడు ఇనిపిస్తుండనుకొని, నవ్వి కట్ చేసిన. అమ్మకు గూడ చెప్పలే. ఆ చప్పుడు సినిమాల యాడనో ఒక దగ్గర ఉంటదని పందొమ్మిది సార్లు ఎతికిన."

నోటుబుక్కు మూసిన చప్పుడు వినిపించింది.

"అది సినిమాల లేదు."